నడిమికి పోయి సూసినావా?

మొన్న పుంగనూరు సంతలో ఆకుకూరలమ్మే ఆమె నన్ను కసురుకుంది.

"ఏమ్మా, ఆకు కొంటావా, దాని ఈపు గోకుతా కూసుంటావా?"

అప్పుడు చూసుకున్నాను నా చేతుల్ని. గోంగూర కట్ట విప్పేసి, ఒక్కో ఆకునూ వెనక్కి తిప్పి, కళ్లజోడు దగ్గరికి తెచ్చుకుని పరీక్ష చేస్తున్నాను. నేను బడిలో తెలుగు చెప్పే పంతులమ్మను. సేద్యానికీ నాకూ ఉన్న బంధుత్వం పూటపూటా తినడం వరకే. ఈ ఆకులు తిప్పే రోగం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, అంటుకున్నది. అంటించిన మనిషి ఇప్పుడు సముద్రానికి అవతల, తూర్పు ఆఫ్రికాలో, ఏ చేలోనో వంగి ఇదే పని చేస్తూ ఉంటుంది.

ఆమె పేరు రాయను. రాస్తే ఫోన్ చేస్తుంది. ఆమె ఫోన్ చేసిందంటే మా వీధికంతా చేసినట్టే. చిన్నప్పటి నుంచి ఈ గట్టున నిలబడి ఆ గట్టున ఉన్న నాయన్ను పిలిచిన గొంతు అది. మాటను తీగె మోసుకుపోతుందనే నమ్మకం ఆమెకు ఎన్నడూ కుదరలేదు. తనే మోసుకురావాలి అన్నట్టు మాట్లాడుతుంది.

తొంభైల మొదట్లో మదనపల్లెలో ఇంటర్ చదివేటప్పుడు మేమిద్దరం ఒక మిద్దె మీది గదిలో ఉండేవాళ్లం. నాది పుంగనూరు, మా నాయన టైలరు. ఆమెది తంబళ్లపల్లె పక్క ఒక మెట్ట ఊరు. వానను నమ్ముకున్న శెనక్కాయ చేలు, ఒక బోరు, కొన్ని గొర్రెలు. గదికి వచ్చిన మొదటిరోజు ఆమె తెచ్చుకున్న సామాను ఒక ట్రంకుపెట్టె, ఒక గోతం. ట్రంకుపెట్టెలో పుస్తకాలూ బట్టలూ. గోతంలో శెనక్కాయలు. పరీక్షలు దగ్గరికొచ్చేసరికి పుస్తకాలు అట్లాగే ఉన్నాయి గానీ గోతం అడుగంటింది.

పొట్టి మనిషి. జడను పనికి అడ్డమని ముడేసుకునేది. చెప్పులు తెగుతాయేమో అని భయమున్న చోట చేతిలో పట్టుకుని నడిచేది. చెట్టు కనబడితే కాళ్లు ఆగిపోయేవి, చెయ్యి ముందుకు పోయేది, ఆకు వెనక్కి తిరిగేది. కాలేజీ ప్రిన్సిపాల్ గదిలో కుండీ మొక్కను తిప్పింది. పెళ్లి పందిట్లో కట్టిన అరటిచెట్టును తిప్పింది. ఒకసారి మదనపల్లెలో ఎవరింట్లోనో భోజనానికి కూర్చుంటే విస్తరాకునే తిప్పి చూసింది. వడ్డించే ఆయన సాంబారు గరిటెతో అట్లాగే నిలబడిపోయాడు.

"ఏముంటాదే ఆకు కింద?" అని అడిగితే, "పైన అందరూ సూస్తారు కదమ్మే. తినేవాళ్లంతా కిందే దాక్కోనుంటారు," అనేది.

ఆకు తిప్పినట్టే మాటనూ తిప్పేది. ఎవరు ఏం చెప్పినా ఆమె నుంచి ఒకటే ప్రశ్న. "సూసినావా, ఎవరన్నా సెప్పినారా?" పక్కింటి పిల్ల ఎవరితోనో సినిమాకు పోయిందని ఇంటామె చెబితే, "సూసినావామ్మా?" మా బాటనీ లెక్చరర్ ఒక మొక్క గురించి పాఠం చెబుతూ అది మన ప్రాంతంలో పెరగదన్నాడు. ఈమె లేచి నిలబడి, "ఏసి సూసినారా సార్?" అంది. క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వలేదు. ఆమెకు ఎగతాళి చేసే ఉద్దేశం ఎప్పుడూ ఉండేది కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగేది. ఆ సంగతి అర్థమైనవాళ్లకు ఆమె అంటే ప్రాణం, అర్థం కానివాళ్లకు తలనొప్పి. పాపం ఆ లెక్చరర్ మొదట్లో రెండో రకం, పోనుపోనూ మొదటి రకం. వ్యవసాయ కాలేజీ ప్రవేశ పరీక్ష గురించి ఆమెకు చెప్పింది ఆయనే.

వాళ్ల నాయనకు ఆ చదువు నచ్చలేదు. పంతులమ్మ ఉద్యోగం చేయించాలని ఆయన కోరిక. గదికి వచ్చినప్పుడు నా ముందే అన్నాడు.

"సేద్యం సదివేదేంది తల్లీ? నేను సేస్తాండాను గదా, నా ఈపుకు సూడు, ఎండ తప్ప ఏముండాది? నువ్వు దీన్నుంచి బయట పడతావని సదివిస్తాంటే, తిరిగి దీన్లోకే వస్తానంటావా?"

"నువ్వు సేసేది సేద్యం నాయనా. నేను సదివేది ఆ సేను ఎందుకు ఎండిపోతాండాదో," అందామె.

ఆయన కాసేపు నా వైపు చూశాడు, ఏదైనా చెప్పు అన్నట్టు. నేను స్టవ్ పంపు కొట్టుకుంటూ కూర్చున్నాను. చివరికి, "సరే పో," అన్నాడు. సీటు వచ్చింది. తిరుపతికి పోయింది.

ఇక్కడి నుంచి ఆమె చదువుల తల్లి అయిపోయిందనీ, ఊరిని ఉద్ధరించిందనీ రాస్తే బాగుంటుంది గానీ, జరిగింది వేరు.

రెండో సంవత్సరంలో, వానకారు పంట సమయంలో కాలేజీలో సమ్మె జరిగి సెలవులిచ్చారు. ఊరికి పోతూ నన్నూ తీసుకుపోయింది. ఆ యేడు వాన సమయానికి పడింది. శెనక్కాయ చేను పచ్చగా, నేలకు దుప్పటి కప్పినట్టు ఉంది. అప్పుడే కంబళిపురుగు కనబడసాగింది. ఎర్రగా, ఒళ్లంతా నూగు, చూస్తేనే దురద. చుట్టుపక్కల వాళ్లు చేను చుట్టూ కాలవ తవ్వి పొడిమందు చల్లుతున్నారు. ఆమె నాయన కూడా పలుగూ పారా సిద్ధం చేసుకున్నాడు.

ఈమె వద్దంది. గట్టు వెంబడి నడిచింది, ఆకులు తిప్పింది. పురుగులు పెద్దగా లేవు. కాలేజీలో నేర్చుకున్నదంతా వాళ్ల నాయనకు అప్పజెప్పింది. పురుగులు ఇన్నిటి కంటే తక్కువ ఉంటే మందు దండగ, పిట్టలు తింటాయి, మందు కొడితే పిట్టలూ పోతాయి, మేలుచేసే పురుగులూ పోతాయి. అన్నీ నిజాలే. ఆయన పార కింద పెట్టి, కూతురు మాట్లాడుతుంటే నోరు తెరిచి విన్నాడు. ఆ ఊళ్లో ఒక రైతు తన బిడ్డ మాట మీద పార కింద పెట్టడం నేను అదే చూడటం. అప్పుడు ఆమె ముఖంలో వెలుగు చూసి నాకూ గర్వంగా అనిపించింది.

పురుగు గట్టు పక్క లేదు. చేను నడుమ ఉంది. గుట్ట వైపు నుంచి దిగి, నడుమ చేరి, అక్కడి నుంచి నలువైపులా తినుకుంటూ వచ్చింది. మేం గమనించేసరికి మధ్యలో ఆకు లేదు. కాడలే నిలబడి ఉన్నాయి. అప్పుడు కాలవ తవ్వారు, మందు చల్లారు, ఏరి చంపారు, నేను కూడా చేటతో ఏరాను. రెండు మూడు రోజుల్లో చేను చేను కాకుండా పోయింది. చుట్టూ అందరి చేలూ పచ్చగా, నడుమ వీళ్లది బోడిగుండు లాగా.

ఆమె ఇంట్లోకి రాలేదు. గట్టు మీదే కూర్చుంది. వాళ్లమ్మ సంగటి తెస్తే ముట్టుకోలేదు. ఊళ్లోవాళ్లు అటుగా పోతూ, "సదువుకున్న సేను సూడండప్పా," అని నవ్వుకున్నారు. ఆమె తల ఎత్తలేదు. నేను పక్కన కూర్చున్నాను.

పొద్దు గూకే ముందు వాళ్ల నాయన వచ్చాడు. కోప్పడతాడనుకుని నేనే భయపడ్డాను. ఆయన ఆమె పక్కన కూర్చుని బీడీ ముట్టించుకున్నాడు.

"నువ్వు సెప్పింది తప్పని నేననుకోలేదమ్మా. ఇప్పుడూ అనుకోను. కానీ, ఒక మూల మందెయ్యకుండా ఇడిసిపెట్టి సూసుంటే సరిపోయుండు గదా. మూలంతా పురుగు తిన్నా, మిగతాది మనకుండు."

ఆమె అప్పుడు ఏడ్చింది. గట్టిగా, గొంతెత్తి, ఆ గొంతుకు తగినట్టే. అవతల చేలో ఎద్దులు కూడా ఆగి చూశాయి.

"ఏడిస్తే పురుగు పోదు. లెయ్యి, సంగటి తిను," అన్నాడాయన. లేచి నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగాడు. "వచ్చే ఏడు ఆ గుట్ట పక్క మూల నీది. నీకేం తోస్తే అది సెయ్యి. మిగతా సేను జోలికి రాగాకు."

అన్నట్టే ఇచ్చాడు. ప్రతి యేడూ ఇచ్చాడు. ఆ మూలలో ఆమె ఏవేవో వేసింది. కొన్ని కాశాయి, కొన్ని చచ్చాయి. ఒక యేడు అలసందలు విరగగాసి ఊరందరికీ పంచారు. ఇంకో యేడు ఏం వేసిందో ఆమెకే గుర్తులేనంతగా ఏమీ మొలవలేదు. వాళ్ల నాయన సాయంత్రాల్లో ఎవరొచ్చినా చెయ్యి పట్టుకుని ఆ మూలకు తీసుకుపోయి, "ఇది మా పాప ఆట," అని చూపించేవాడు.

ఆ తర్వాత ఆమె ప్రశ్న కొంచెం పొడవైంది. "సూసినావా?" తో ఆగేది కాదు. "యాడ సూసినావు? గట్టు మీద నిలబడి సూసినావా, నడిమికి పోయి సూసినావా?"

చదువు ముగిశాక పెళ్లి సంబంధం వచ్చింది. మదనపల్లెకు దగ్గరి ఊరు. అబ్బాయి తరఫున మాట్లాడేది వాళ్ల మేనమామ. మూడు బోర్లట, నీళ్లు దండిగా అట, ఎండాకాలం కూడా టమాటా పారుతుందట.

"నడిమికి పోయి సూసినావా మామా?" అంది ఈమె, కాఫీ గ్లాసులున్న తట్ట చేతిలో పట్టుకునే.

"మేనమామను, నాకు తెలీదా?"

"అట్లయితే నేనొచ్చి సూస్తా."

పిల్లను చూడటానికి వచ్చినవాళ్లకు పిల్లే వచ్చి బోరు చూస్తానంటే కాదనే దారి లేకపోయింది. తర్వాతి వారం వాళ్ల నాయనా, ఆమే, నేనూ బస్సెక్కి పోయాం. మేం పోయేసరికి కరెంటు లేదు. "అయ్యో, కరెంటు లేదే!" అని మేనమామ చాలా బాధపడ్డాడు గానీ, ఆ బాధలో ఎక్కడో కొంచెం సంతోషం ఉన్నట్టు నాకనిపించింది. ఈమె మోటారు గది మెట్టు మీద కూర్చుని, చెంగులో నుంచి శెనక్కాయలు తీసి ఒలుచుకోసాగింది. మాకూ పెట్టింది, పెళ్లికొడుక్కూ పెట్టింది. మధ్యాహ్నం దాటాక కరెంటు వచ్చింది. మోటారు వేశారు. గొట్టం బాగా దగ్గింది, ఒకసారి తుమ్మింది, చెంబెడు బురదనీళ్లు కక్కి, ఆ పైన ఊపిరి మాత్రమే వదిలింది.

అందరం గొట్టం వైపు చూస్తూ నిలబడ్డాం. అప్పుడు పెళ్లికొడుకు మొదటిసారి నోరు తెరిచాడు.

"ఇంతే వచ్చేది. మామ ఊరికే సెప్పినాడు."

"నిజం సెప్పినావు అబ్బయ్యా, సంతోషం," అందామె. "ఇంకో బోరు ఎయ్యొద్దు, నీకు పుణ్యముంటాది."

తిరుగు బస్సులో వాళ్ల నాయన అడిగాడు. "అబ్బోడు మంచోడే కదమ్మా?"

"శానా మంచోడు నాయనా. నాకే పెండ్లి మీద మనసు లేదు. బోరు మీద పెట్టి తప్పించుకున్నా."

ఆయన తువ్వాలు నోటికడ్డం పెట్టుకుని నవ్వాడు. కండక్టరు కూడా చూశాడు. "మరి నీకేం గావల్లనో నువ్వే సెప్పు."

"పని," అంది.

ఆ పైన పెళ్లి మాట ఎవరెత్తినా ఆమె జవాబు ఒకటే. "కరెంటు ఇంకా రాలేదు."

పని కుప్పంలో దొరికింది. బొట్టుబొట్టుగా నీళ్లిచ్చే గొట్టాలతో కూరగాయలు పండించే ప్రాజెక్టు. ఎడారి దేశం నుంచి వచ్చిన నిపుణుడొకాయన ఉండేవాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పింది రైతులకు తెలుగులో చెప్పడం, రైతులు అన్నది ఆయనకు ఇంగ్లీషులో చెప్పడం ఈమె ఉద్యోగం. ఆయనకు రైతులు టోపీ సారు అని పేరు పెట్టుకున్నారు. నాకు అప్పటికి ఉద్యోగం, పెళ్లి రెండూ అయ్యాయి. టీచర్ల శిక్షణకని కుప్పం పోయినప్పుడు ఒక సాయంత్రం ఆమె వెంట ఒక ఊరికి పోయాను. మోపెడ్ వెనుక కూర్చుని, గొట్టాల చుట్ట ఒళ్లో పెట్టుకుని.

అక్కడ రైతులు సగం తెలుగు, సగం తమిళం, కోపమొస్తే కన్నడం. టోపీ సారు చాలాసేపు మాట్లాడాడు. ఒత్తిడి, వడపోత, గొట్టంలో రంధ్రాల మధ్య దూరం. ఈమె అంతా విని, రైతుల వైపు తిరిగి అంది.

"సారు సెప్పేదేందంటే, గొట్టాలు ఎలకలు కొరక్కుండా సూసుకోమంటాండాడు."

ముందు వరుసలో వక్కాకు నములుతున్న ఒక అవ్వ చెయ్యెత్తింది. "ఈ సారు ఊర్లో ఎలకలు లేవామ్మా?"

ఈమె ఆ ప్రశ్నను పొల్లుపోకుండా ఇంగ్లీషులో అడిగింది. టోపీ సారు టోపీ తీశాడు. వాళ్ల ఊళ్లో ఎలకలే కాదు, నక్కలు కూడా వస్తాయనీ, దాహానికి గొట్టాలు కొరుకుతాయనీ, ఒక యేడు తన సొంత తోటలో సగం గొట్టాలు కొరికేశాయనీ చెప్పాడు. నక్క ఎట్లా కొరుకుతుందో పళ్లు బయటపెట్టి చూపించాడు కూడా. అది అనువాదం చేసే పనే లేకపోయింది. రైతులంతా ఒకటే నవ్వు. నష్టపోయినవాడని తెలిశాక ఆయన వాళ్లకు మనిషిలా కనబడ్డాడు. అవ్వ వక్కాకు సంచి ఆయన ముందుకు జరిపింది.

ఆ ఊపులో టోపీ సారు, మీరందరూ ఉన్న భూమి మొత్తానికీ ఈ గొట్టాలు వేయండి అన్నాడు. చాలా బాగా, చాలా నమ్మకంగా అన్నాడు. నాకు ఇంగ్లీషు వచ్చు కాబట్టి నాకే వెయ్యాలనిపించింది. ఈమె రైతుల వైపు తిరిగింది.

"ఒక మూల ఏసుకోండి. బాగుంటే వచ్చే ఏడు మిగతాది సూద్దాం."

టోపీ సారు కనుబొమలు ఎత్తాడు. "నేను అంతకంటే ఎక్కువ మాట్లాడానే?"

మేమిద్దరం కాక అక్కడ రెండు భాషలూ వచ్చిన మనిషి ప్రాజెక్టు మేనేజరు ఒక్కడు. ఆయన ముఖం ఎర్రబడింది. సమావేశం అయ్యాక జీపు పక్కకు పిలిచి, "నీ పని అనువాదం. నీ అభిప్రాయం ఎవరడిగారు?" అన్నాడు. కోపంగానే అన్నా, మాట తూలలేదు. ఆయన పై వాళ్లకు ఆయన జవాబు చెప్పుకోవాలి.

"సారు మంచోడే సార్. ఆయన మాటా మంచిదే కావచ్చు," అందామె. "కానీ పొయ్యేది ఆయన, మీరు, నేను. ఆ యవ్వ ఈడే ఉంటాది. మొత్తం ఎయ్యమని నా నోటితో నేను సెప్పలేను."

టోపీ సారు యేమైందని అడిగాడు. ఆమె దాచలేదు. తను మాట మార్చాననీ, ఎందుకు మార్చాననీ, వాళ్ల నాయన శెనక్కాయ చేను సంగతంతా చెప్పింది. ఆయన టోపీ చేతిలో తిప్పుతూ విన్నాడు. "నాతో ముందే వాదించి ఉండవచ్చు కదా," అన్నాడు. "అవును, అది నా తప్పే," అని ఒప్పుకుంది. ఆ యేటి ఒప్పందం ముగిశాక ఆమెను మళ్లీ తీసుకోలేదు.

తమాషా ఏమిటంటే, అవ్వ తన చేను మూలలో వేసిన బెండ విరగగాసింది. టోపీ సారు చెప్పిందే నిజం. ఆమె చెప్పిన జాగ్రత్త అక్కరలేకపోయింది. వీడ్కోలు చెప్పడానికి పోయినప్పుడు అవ్వ ఈమెను పట్టుకుని తిట్టిందట, "నీ మాట ఇని మూలే ఏస్తి గదే, మొత్తం ఏసుంటే ఎంత బాగుండు!" అని. ఈమె నా దగ్గర చెప్పుకుని పడీ పడీ నవ్వింది.

"నీకు బాధగా లేదా? ఉద్యోగం పోయె, తిట్లూ పడె," అన్నాను.

"తిట్టనీమ్మే. తిట్టేదానికి ఆ యవ్వ సేను ఆ యవ్వకు ఉండాది గదా."

ఉద్యోగం పోయాక ఊరికి పోతే నాయన బాధపడతాడని పుంగనూరులో మా ఇంట్లో కొన్నాళ్లు ఉంది. ఆ కొన్నాళ్లూ మా అత్తగారి మల్లెపందిరికి పరీక్షా కాలమే. మా అత్త ఎన్నడూ ఎవరినీ మెచ్చుకునే మనిషి కాదు. ఆమె కూడా, "ఆ పిల్ల అరుపులు ఇంటే సెవులు నొస్తాయి గానీ, పోతే ఇల్లు బోసిగా ఉంటాది," అంది. అప్పుడే ఈమె పేపర్లో ఒక ప్రకటన చూసింది. ఆఫ్రికాలో చిన్న రైతులతో పనిచేసే ఒక సంస్థ బెంగళూరులో ఇంటర్వ్యూలు పెడుతోంది. నా చీర కట్టుకుని, పొద్దున బస్సుకు పోయి సాయంత్రానికి వచ్చింది. కాళ్లు కడుక్కోకుండానే వంటింటి గడప మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టింది.

"నువ్వు సాధించిన గొప్ప విజయం ఏంది అని అడిగినారమ్మే. ఇంకా ఏం లేదు సార్, ఓడింది సెప్పమంటే సెప్తా అన్నా. సరే సెప్పమన్నారు. మా నాయన సేను ఎట్ల పోగొట్టినానో సెప్పినా. కుప్పం సంగతీ సెప్పినా."

"అయ్యో రామా! ఉద్యోగం పోగొట్టుకున్నది కూడా చెప్పావా?"

"అడిగినారు, సెప్పినా. ఆఖర్న, నీకేమన్నా ప్రశ్నలున్నాయా అన్నారు. మీరు రాసుకున్న ఆ ఊర్లకు మీరెప్పుడన్నా పోయినారా, నడిమికి పోయి సూసినారా అన్నా."

నేను నెత్తిన చెయ్యి పెట్టుకున్నాను. "ఏమన్నారే?"

"ఒకాయన పోయినా అన్నాడు. ఒకామె మాత్రం లేదు, పోలేదు అనింది. నాకు ఆ యమ్మే నచ్చింది."

ఆమెకూ ఈమే నచ్చినట్టుంది. ఉద్యోగం వచ్చింది.

ఇప్పుడు వాళ్ల నాయనకు చెప్పాలి. ఆమె ఒక్కతే చెప్పలేనంటే నేనూ పోయాను. ఆయన చేలోనే ఉన్నాడు. ఎంత దూరం అని అడగలేదు, జీతం అడగలేదు. గట్టు మీద రాయి ఒకటి తీసి పక్కకు వేశాడు. ఇంకొకటి తీసి దాని పక్కన పెట్టాడు.

"ఆడ సంగటి దొరుకుతాదా?" అన్నాడు.

ఆమెకు తెలియదు. ఆమెకు తెలియకపోవడమే ఆయనకు ఇంకా దిగులు. ఆమె పోయిన వారానికి ఊళ్లో ఉన్న ఒకే ఒక ఎస్టీడీ బూత్‌కు ఫోన్ వచ్చింది. ఆమె ఫోన్ కాబట్టి రిసీవరు ఎవరి చెవిలో ఉన్నా బయట నిలబడినవాళ్లందరికీ వినబడిందట.

"నాయనా! సంగటి ఉండాది! మొక్కజొన్న పిండితో సేస్తారు, తెల్లగా ఉంటాది! సేత్తోనే తింటారు!"

"నంజుకునేదానికి ఊరిబిండి?"

"శెనక్కాయలు ఉండాయి! నేనే నూరుకుంటా! నాయనా, ఇంకో మాట, మన రాగులు పుట్టింది ఈ పక్కనేనంట! ఈన్నుంచే మన దేశానికి వచ్చినాయంట!"

వాళ్ల నాయన "ఎవరు సెప్పినారు? సూసినావా?" అని అడిగాడట. బూత్ చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారని నాకు తర్వాత తెలిసింది.

అక్కడి భాష ఆమె ఎట్లా నేర్చుకుందంటే, ముందు ఆకు తిప్పిందట. ఏ చేలోనైనా పోయి, మాట్లాడకుండా, వంగి ఒక ఆకు వెనక్కి తిప్పితే చాలు, ఆ చేను ఆడవాళ్లంతా చుట్టూ చేరి ఏదో ఒకటి చెబుతారు. ఆ చెప్పేవే నేర్చుకుంది. అందుకే ఆమెకు పురుగుల పేర్లు, తెగుళ్ల పేర్లు, మొగుళ్లను తిట్టే మాటలు ముందు వచ్చాయి. నమస్కారం, బాగున్నారా లాంటివి ఆలస్యంగా వచ్చాయి. అక్కడ కూడా ఎవరి చేనూ మొత్తం ముట్టుకోదు. మూలే అడుగుతుంది. కొన్ని మూలలు పండాయి, కొన్ని ఎండాయి. ఎండిన మూలల గురించే ఎక్కువ చెబుతుంది. సెలవులో వచ్చినప్పుడల్లా మా బడికి వచ్చి పిల్లలకు ఆ కథలు చెప్పేది. పిల్లలు నా పాఠం మరిచిపోయారు గానీ అవి మరిచిపోలేదు.

రెండు వేల తర్వాతి సంవత్సరాల్లో, ఆమె అక్కడ కుదురుకున్నాక, ఒకసారి ఇద్దరు ఆడ రైతుల్ని వెంటబెట్టుకుని వచ్చింది. మన మెట్ట సేద్యం చూపించడానికి. వాళ్లను మదనపల్లె టమాటా మార్కెట్ యార్డుకు తీసుకుపోయిన రోజు నేనూ వెళ్లాను.

ఆ వారం ధర పడిపోయింది. యార్డు గేటు పక్కన ఎవరో పారబోసిన టమాటాలు ఎర్రగా కుప్పపడి ఉన్నాయి, ఆవులు తింటున్నాయి. లోపల వేలం కేకలు. ఆ ఇద్దరిలో పెద్దామె, రంగురంగుల తలగుడ్డ కట్టుకున్నామె, ఆ కుప్ప దగ్గర ఆగిపోయింది. పక్కన ఖాళీ క్రేట్లు బోర్లించి కూర్చున్న ఒక రైతు ఆమెను చూశాడు. సోమల పక్క పల్లెటూరి మనిషట. తన సరుకు అప్పుడే అమ్ముకున్నట్టున్నాడు, లేదా అమ్ముకోలేకపోయాడు. ముఖం చూస్తే రెండూ ఒకటే అనిపించింది.

"ఏమ్మా," అని ఈమెను అడిగాడు, "వాళ్ల ఊర్లో రేటు పడిపోతే ఏం సేస్తారో అడుగు."

ఈమె అడగబోయింది. అంతలో ఆ పెద్దామె కుప్ప వైపు చెయ్యి చూపించింది. తర్వాత లేని బుట్టను నెత్తి మీది నుంచి దించి, రెండు చేతులతో రోడ్డు మీద గుమ్మరించి, చేతులు దులుపుకుని, నడుం మీద పెట్టుకుని నిలబడింది.

రైతు ఒక్క క్షణం చూసి, ఫెళ్లున నవ్వాడు. లేచి తను కూడా చూపించాడు, క్రేటు ఎట్లా ఎత్తాడో, ఎట్లా తలకిందులు చేశాడో, చివర్లో క్రేటును ఒక తన్ను ఎట్లా తన్నాడో. ఆమె తన్నడం కూడా చేసి చూపించింది, ఇంకా గట్టిగా. రైతు తను కూర్చున్న క్రేటును తువ్వాలుతో తుడిచి ఆమెకు వేశాడు. పక్కనే ఇంకొకటి లాక్కుని కూర్చున్నాడు. అతను తెలుగులో మొదలుపెట్టాడు. ఆమె తన భాషలో అందుకుంది. మధ్య మధ్య ఇద్దరూ తల ఊపుకుంటున్నారు. ఒకసారి అతను తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటే, ఆమె అతని భుజం మీద ఒక్కటి చరిచింది.

ఈమె ఏదో చెప్పబోయి నోరు తెరిచి, మూసుకుంది. ఇటు చూసింది, అటు చూసింది. ఎవరూ ఆమె వైపు చూడటం లేదు.

"ఏం మాట్లాడుకుంటున్నారే?" అని అడిగాను.

"వాళ్ల సంగతులు వాళ్లవి," అంది, ముఖమంతా నవ్వుతో. "ఈడ నాకేం పని లేదు. రామ్మే, కాఫీ తాగుదాం."